సిస్టర్ల స్కూల్లో మా అమ్మాయి నాలుగేళ్ల చదువు: సిన్సినాటి నుంచి నా అనుభవం

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో పుట్టి పెరిగినవాళ్లు ఎవరైనా కొత్తగా పరిచయమైతే "మీరు ఏ స్కూల్లో చదివారు?" అని అడుగుతారు. అడిగేది యూనివర్సిటీ గురించి కాదు, హైస్కూలు గురించి. ఆ ఒక్క జవాబుతో ఏ పేటవాళ్లో, ఏ చర్చివాళ్లో వాళ్లకి తెలిసిపోతుంది. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీ నుంచి, ఐర్లాండ్ నుంచి వచ్చిన క్యాథలిక్కులు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ ఊరిది. సెయింట్ జేవియర్ స్కూలు 1831 నాటిది. బెల్జియంలోని నమూర్ నుంచి నోట్రడామ్ సిస్టర్లు 1840లో ఇక్కడికి వచ్చి ఆడపిల్లలకి బడి పెట్టారు. అప్పటి నుంచి ఇక్కడ ఆడపిల్లలకి వేరుగా, మగపిల్లలకి వేరుగా క్యాథలిక్ హైస్కూళ్లు నడుస్తూనే ఉన్నాయి. అలాంటి ఒక ఆడపిల్లల స్కూల్లో మా అమ్మాయి 2022 ఆగస్టులో తొమ్మిదో తరగతిలో చేరింది. ఈ మే నెలలో చదువు పూర్తి చేసింది.

సిన్సినాటి శివార్లలో మేసన్, వెస్ట్ చెస్టర్ వైపు తెలుగువాళ్లు ఎక్కువ. పిల్లలు ఏడో తరగతికి రాగానే వాళ్లలో ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. "అక్కా, అక్కడ చదువు నిజంగా బావుంటుందా? మతం ఎక్కువగా రుద్దుతారా? అంత ఫీజు కట్టడం అవసరమా?" అని అడుగుతారు. ఫోన్లో పది నిమిషాల్లో తేలే విషయం కాదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను గుంటూరులో జె.ఎం.జె. (జీసస్ మేరీ జోసఫ్) సిస్టర్ల దగ్గర పదో తరగతి దాకా చదువుకున్నాను. ఆ సిస్టర్లు నెదర్లాండ్స్ నుంచి 1904లో గుంటూరు వచ్చారు. మా క్లాసులో క్రైస్తవుల పిల్లలు క్యాటకిజమ్, అంటే మత పాఠం, కోసం వేరే గదికి వెళ్లేవాళ్లు, మిగిలిన మాకు మోరల్ సైన్స్ ఉండేది. అందులో కథలు చదివించేవారు, దానికి పెద్దగా పరీక్ష లేదు. మన రాజ్యాంగంలో 28వ అధికరణం మూడో క్లాజు ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో సమ్మతి లేకుండా ఎవరినీ మత బోధనకి కూర్చోబెట్టకూడదు. ఆ సంగతి నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. అమెరికాలో ప్రైవేట్ క్యాథలిక్ స్కూలు పద్ధతి వేరు. ఏ మతం వాళ్లయినా, చేరిన ప్రతి విద్యార్థీ నాలుగేళ్లూ థియాలజీ, అంటే క్రైస్తవ మతశాస్త్రం, చదవాలి. దానికి క్రెడిట్లు ఉంటాయి, గ్రేడు ఉంటుంది, ఆ గ్రేడు జీపీఏలో, అంటే మొత్తం సగటు గ్రేడులో, కలుస్తుంది. కాబట్టి "నేనూ కాన్వెంటులోనే చదివాను, నాకు తెలుసు" అనుకుని చేర్చే తల్లిదండ్రులు ఈ తేడా ముందే తెలుసుకోవాలి.

మా ఇంటి దగ్గర పబ్లిక్ స్కూలు బావుండదని కాదు. చాలా పెద్ద స్కూలు, మంచి పేరున్న స్కూలు, ఆస్తి పన్నుతో మేము ఎలాగూ డబ్బు కడుతున్న స్కూలు. మా అమ్మాయి నెమ్మదైన పిల్ల. వేల మంది మధ్య చెయ్యెత్తి ప్రశ్న అడిగే రకం కాదు. మిడిల్ స్కూల్లో అన్ని సబ్జెక్టుల్లోనూ ఏ గ్రేడులే వచ్చేవి. కానీ తల్లిదండ్రుల మీటింగులో ఏ టీచరూ దాని గురించి "మంచి పిల్ల" అనే మాట దాటి ఇంకొకటి చెప్పలేదు. నా మనసులో పడ్డది అదే. తరగతికి పద్దెనిమిది, ఇరవై మంది ఉండేచోట చదివితే దాని మాట బయటికి వస్తుందేమో అని నా ఆశ. మావారికి ఫీజు గురించి బెంగ. ఏడాదికి పదిహేను వేల డాలర్లు దాటుతుంది, యూనిఫాం, పుస్తకాలు, ల్యాప్‌టాప్ అదనం. "అంత డబ్బు యూనివర్సిటీకి దాచొచ్చు కదా" అని ఆయన వాదన. అందులో న్యాయం ఉంది. ఇప్పటికీ నేను దాన్ని కాదనను.

ఎనిమిదో తరగతి అక్టోబరులో ఓపెన్ హౌస్‌లు మొదలయ్యాయి. తర్వాత షాడో డే. అంటే మన పిల్లని ఒక తొమ్మిదో తరగతి అమ్మాయికి జత చేస్తారు, రోజంతా ఆ పిల్ల వెంట క్లాసులకి తిరగాలి. ఓపెన్ హౌస్‌లో స్కూలు తన గొప్పలు చెప్పుకుంటుంది, షాడో డేలో పిల్లకి నిజంగా కనిపిస్తుంది. కాబట్టి ఒక్కటే చూడగలిగితే షాడో డేనే చూడండి. మా అమ్మాయి ఆ సాయంత్రం కార్లో కూర్చోగానే చెప్పిన మొదటి మాట లంచ్ గురించో యూనిఫాం గురించో కాదు. "అమ్మా, ఇంగ్లీష్ క్లాసులో అందరూ గుండ్రంగా కూర్చుని మాట్లాడుకున్నారు. టీచర్ చాలాసేపు నోరు విప్పలేదు" అంది.

ప్రవేశ పరీక్ష పేరు హెచ్.ఎస్.పి.టి., అంటే హైస్కూల్ ప్లేస్‌మెంట్ టెస్ట్. నవంబరులో ఒక శనివారం పొద్దున, మొదటి ఎంపికగా పెట్టుకున్న స్కూల్లోనే రాసింది. 298 ప్రశ్నలు. వెర్బల్, క్వాంటిటేటివ్, రీడింగ్, మ్యాథమెటిక్స్, లాంగ్వేజ్ అని అయిదు భాగాలు. మొత్తం రెండున్నర గంటల లోపే అయిపోతుంది. వెర్బల్‌లో 60 ప్రశ్నలకి ఇచ్చేది 16 నిమిషాలు మాత్రమే, కాబట్టి ఇది జ్ఞానం కంటే వేగానికి పరీక్ష. తప్పు జవాబుకి మార్కు కొయ్యరు, అందుకని ఏ ప్రశ్ననీ ఖాళీగా వదలకూడదు. క్యాలిక్యులేటర్ ఉండదు. ఎంసెట్ కోచింగులు చూసిన మనవాళ్లకి ఈ పరీక్ష పెద్ద లెక్కలో ఉండదు. వేసవిలో ఒక ప్రాక్టీసు పుస్తకం పూర్తి చేసి, గడియారం పెట్టుకుని రాయడం అలవాటు చేస్తే చాలు. సీటుతో పాటు తొమ్మిదో తరగతిలో ఆనర్స్ సెక్షన్లలో పెట్టాలా వద్దా అన్నదీ, మెరిట్ స్కాలర్‌షిప్ ఇవ్వాలా వద్దా అన్నదీ ఈ మార్కుల మీదే ఆధారపడతాయి. దీంతో పాటు ఎనిమిదో తరగతి టీచర్ల సిఫారసు, గ్రేడులు, పిల్ల స్వయంగా రాసిన ఒక చిన్న వ్యాసం పంపాం. చలికాలం పోకముందే ఉత్తరం వచ్చింది. సీటు వచ్చింది, చిన్న స్కాలర్‌షిప్ కూడా వచ్చింది.

డబ్బు గురించి ఒక్క మాట, అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి. సాయం కావాలంటే స్కూలు చెప్పిన ఆన్‌లైన్ పద్ధతిలో ఆదాయ వివరాలు, పన్ను కాగితాలు ఇచ్చి అడగొచ్చు. మతం అడ్డు రాదు. ప్రైవేట్ స్కూలు ఫీజుకి ఇచ్చే ఎడ్‌ఛాయిస్ స్కాలర్‌షిప్‌ని 2023లో ఒహాయో ప్రభుత్వం అన్ని కుటుంబాలకీ తెరిచింది. కుటుంబ ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకి 450 శాతం లోపు ఉంటే ఆ ఏడాది హైస్కూలు పిల్లలకి పూర్తి మొత్తం, అంటే 8,400 డాలర్ల పైచిలుకు వచ్చేది. ఆదాయం పెరిగేకొద్దీ ఆ మొత్తం తగ్గుతుంది. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఇళ్లకి వచ్చేది కొంచెమే, అయినా దరఖాస్తు పెట్టడం మానకండి.

ఇక చదువు. మొదటి నెలలో ఇంగ్లీష్ వ్యాసానికి మా అమ్మాయికి సి ప్లస్ వచ్చింది. అంతవరకూ బి కూడా చూడని పిల్ల. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నేను ఆ కాగితం తీసి చదివాను. ఒక్క స్పెల్లింగు తప్పు లేదు, వాక్యాలు చక్కగా ఉన్నాయి. అంచుల్లో టీచరు పెన్సిల్‌తో రాసిన ప్రశ్నలే నిండిపోయి ఉన్నాయి. "ఇక్కడ నువ్వు కథ మళ్లీ చెబుతున్నావు. నీ వాదన ఏది?" "దీనికి ఆధారం పుస్తకంలో ఎక్కడుంది?" "దీన్ని కాదనేవాళ్లు ఏమంటారు?" చివర్లో "రేపు లంచ్ తర్వాత ట్యుటోరియల్ టైములో నా దగ్గరికి రా" అని ఉంది.

ఈ ట్యుటోరియల్ టైము రోజూ అరగంట పైగా ఉంటుంది. ఆ సమయంలో టీచర్లందరూ వాళ్ల గదుల్లోనే ఉంటారు, పిల్లలు ఎవరి దగ్గరికైనా వెళ్లి అడగొచ్చు. టీచరు పిలిచింది కాబట్టి మా అమ్మాయి వెళ్లింది. ఆ తర్వాత ఎవరూ పిలవకుండానే వెళ్లడం మొదలుపెట్టింది. ఒకే వ్యాసం మూడు నాలుగు సార్లు తిరగరాసేది. మొదటి డ్రాఫ్టు, తోటి పిల్లలు చదివి చెప్పే అభిప్రాయం, రెండో డ్రాఫ్టు, టీచరుతో అయిదు నిమిషాల మాట, ఆ తర్వాత చివరిది. అన్నిటికీ మార్కులుంటాయి. ఇంట్లో కూర్చుని ఎవరో రాసిపెట్టిందో, కంప్యూటరు రాసిపెట్టిందో తెచ్చి ఇవ్వడానికి ఆ పద్ధతిలో దారి లేదు, ఎందుకంటే ఆలోచన ఎక్కడ మొదలై ఎలా మారిందో టీచరు ప్రతి మెట్టులోనూ చూస్తుంది. ఇంటర్లో నాకు ఇంగ్లీష్ వ్యాసం అంటే గైడులో ఉన్నది నేర్చుకుని అక్షరం పోకుండా అప్పజెప్పడమే. పద్నాలుగేళ్ల పిల్లని కూర్చోబెట్టి "నువ్వేమనుకుంటున్నావు, ఎందుకనుకుంటున్నావు" అని నెలల తరబడి ఓపిగ్గా అడిగే టీచరు నా చదువులో నాకు దొరకలేదు. ఆ టీచరుకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

లెక్కల సంగతి మనవాళ్లు మొదట అడుగుతారు కాబట్టి చెప్తాను. మిడిల్ స్కూల్లో ఆల్జీబ్రా వన్ అయిపోయింది కాబట్టి ఆనర్స్ జామెట్రీతో మొదలుపెట్టి, చివరి ఏడాది ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి కోర్సు) క్యాలిక్యులస్ దాకా వెళ్లింది. బోధన గట్టిదే. కానీ చిన్న స్కూలు కాబట్టి పెద్ద పబ్లిక్ స్కూల్లో ఉన్నన్ని ఏపీ కోర్సులు ఉండవు. కావాలనుకున్న ఒక సైన్స్ కోర్సు స్కూల్లో లేకపోతే కాలేజ్ క్రెడిట్ ప్లస్ అనే ఒహాయో పథకం కింద యూనివర్సిటీలో తీసుకుంది. ప్రైవేట్ స్కూలు పిల్లలు ఆ నిధుల కోసం రాష్ట్రానికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. దాని గడువు వసంతకాలంలోనే దాటిపోతుంది, జాగ్రత్తగా చూసుకోవాలి. మీ పిల్లకి లెక్కల్లో, కంప్యూటర్ సైన్సులో అందరికంటే చాలా ముందుకి వెళ్లాలని ఉంటే పెద్ద పబ్లిక్ స్కూలే నయం అని నేను నిర్మొహమాటంగా చెప్తాను.

ఇంక థియాలజీ. మా అమ్మ గుంటూరు నుంచి వారానికోసారి ఫోన్లో అడిగేది, "పిల్లని కలిపేసుకోరు కదే?" అని. ఎవరూ కలుపుకోలేదు, కలవమని అడగనూ లేదు. అలాగని అక్కడ మతం నామమాత్రం అనుకోకండి. ప్రతి గదిలో శిలువ ఉంటుంది, రోజు ప్రార్థనతో మొదలవుతుంది, స్కూలంతా కలిసి మాస్ అనే చర్చి ఆరాధనకి హాజరవుతారు. అందులో దీవించిన రొట్టె పంచే కమ్యూనియన్ వేళ క్యాథలిక్ కాని పిల్లలు వరసలోకి వెళ్లి చేతులు ఛాతీ మీద ముడుచుకుంటే ఫాదర్ దీవిస్తారు, లేదా తమ చోటే కూర్చోవచ్చు. మా అమ్మాయి మొదటి రెండేళ్లు కూర్చుంది, తర్వాత వరసలోకి వెళ్లేది. కారణం నేను అడగలేదు. ఈస్టర్‌కి ముందు ఉపవాస కాలమైన లెంట్‌లో శుక్రవారాల్లో క్యాంటీన్లో మాంసం వండరు. శాకాహారులైన మన పిల్లలకి ఆ ఆరు వారాలూ తిండికి హాయి. ఇవన్నీ మనసుకి ఇబ్బంది అనిపించే కుటుంబాలు చేర్చకపోవడమే మంచిది. చేర్చాక "మా పిల్లకి థియాలజీ మినహాయించండి" అంటే కుదరదు, అడగడం కూడా న్యాయం కాదు.

ఏం చెబుతారన్నది అమెరికా బిషప్పుల సంఘం 2008లో ఒక చట్రంగా ఇచ్చింది. బైబిలు, క్రీస్తు, చర్చి, సంస్కారాలు, నైతిక జీవితం అంటూ వరసగా వెళుతుంది. తొమ్మిదో తరగతిలో బైబిలు చదివేటప్పుడు ఏ భాగం ఎప్పుడు ఎవరి కోసం రాశారు, అది కవిత్వమా, చరిత్రా, ఉత్తరమా అని విడదీసి చదివించారు. ఏ పురాణాన్నీ మేము అలా చదవలేదు. నైతిక జీవితం కోర్సులో గర్భస్రావం, మరణశిక్ష, యుద్ధం లాంటి విషయాల మీద చర్చి బోధ ఏమిటో, ఏ కారణాలతో అంటోందో రాయాలి. మా అమ్మాయి కొన్నిటితో ఏకీభవించలేదు. ఆ మాటే రాసింది. ముందు చర్చి వాదనని అది నమ్మేవాళ్లు ఒప్పుకునేంత సరిగ్గా రాసి, ఆ తర్వాత తన అభ్యంతరం రాయాలని టీచరు నియమం. ఎ మైనస్ ఇచ్చింది. తీసేసిన మార్కులు కూడా అభిప్రాయానికి కాదు, ఒక ఆధారం బలహీనంగా ఉన్నందుకు.

పదకొండో తరగతిలో క్యాథలిక్ సామాజిక బోధ అనే భాగం వచ్చింది. నాలుగేళ్లలో మా ఇంటిని అన్నిటికంటే ఎక్కువ కదిలించిన చదువు అదే. 1891లో పోప్ లియో పదమూడో ఆయన కార్మికుల గురించి రాసిన రేరుమ్ నొవారుమ్ అనే లేఖ చదివించారు. ఫ్యాక్టరీల కాలంలో రాసింది. కూలివాడు ఆ కూలికి ఒప్పుకున్నాడు కదా అని యజమాని తప్పించుకోలేడనీ, పొదుపుగా బతికే మనిషి జీవితం గడవడానికి ఆ కూలి సరిపోవాలనీ అందులో ఒక వాదన ఉంది. దాని మీద పేపరు రాయాలి, తమకి తెలిసిన ఒక నిజమైన పనిని తీసుకుని న్యాయమైన కూలి అంటే ఏమిటో తేల్చాలి. మిగతా పిల్లలు గిడ్డంగి పనులు, హోటల్ పనులు తీసుకున్నారు. మా అమ్మాయి గుంటూరు జిల్లాలో మా నాన్న మిరపతోట తీసుకుంది.

ఒక శనివారం రాత్రి, అంటే అక్కడ ఆదివారం పొద్దున, వీడియో కాల్ పెట్టింది. "తాతయ్యా, మిరపకాయ కోతకి వచ్చేవాళ్లకి రోజుకి ఎంత ఇస్తావు? ఆ కూలి ఎవరు నిర్ణయిస్తారు?" అంది. మా నాన్న మొదట నవ్వి మాట దాటేశారు. అది వదల్లేదు. మిర్చి యార్డులో ధర పడితే కూలి తగ్గిస్తావా? ధర పెరిగితే పెంచుతావా? ఎండలో పన్నెండింటి తర్వాత పని ఆపుతావా? కాయ కోసి కోసి చేతులు మండితే ఏం చేస్తారు? మేస్త్రీ తీసుకునేది ఎంత? మా నాన్నకి కొంచెం కోపం వచ్చింది. "రైతు మునిగిపోతే అడిగేవాడు లేడమ్మా. ఆ ఏడు తామర పురుగు తోటంతా తినేసినప్పుడు నా అప్పు ఎవరు తీర్చారు?" అన్నారు. 2021లో వచ్చిన ఆ నల్ల తామర పురుగు తెలుగు రాష్ట్రాల మిరప రైతుల్ని నిజంగానే ముంచింది. మా అమ్మాయి ఆ మాట కూడా రాసుకుంది.

ఆ ఒక్క కాల్‌తో ఆగలేదు. రెండోసారి మా నాన్నే ఫోన్ చేశారు. పొలంలో నిలబడి, చాలా ఏళ్లుగా మా తోటకి కోతలకి వచ్చే ఒకావిడకి ఫోన్ ఇచ్చారు. "అడుగమ్మా, ఏం కావాలో ఆమెనే అడుగు" అన్నారు. మా అమ్మాయి తెలుగు తడబడుతుంది, ఆమె యాస దానికి సగమే అందింది. నేను పక్కన కూర్చుని అందించాను. ఆమె రోజు ఎన్నింటికి మొదలవుతుందో, ఆటోకి ఎంత పోతుందో, కోతలు లేని నెలల్లో ఏం చేస్తుందో చెప్పింది. నేను ఆ ఇంట్లో పుట్టి పెరిగాను. ఆమెని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ ప్రశ్నలు మా ఇంట్లో ఎవరమూ ఆమెని అడగలేదు.

పేపరులో మా అమ్మాయి రాసిన ముగింపు ఇది. కూలి న్యాయంగా ఉండాలన్న బరువు చిన్న రైతు ఒక్కడి మీదే మోపితే రైతు నిలబడలేడు, అందుకే పంటకి ధర నిర్ణయించేవాళ్లనీ లెక్కలోకి తీసుకోవాలి. అలా అని కూలి కోసే హక్కు రైతుకి రాదు. రెండు వైపులా ఆధారాలు పెట్టింది. టీచరు దాన్ని క్లాసులో చదివించింది. ఆ ఏడాది పిల్లలు అందరూ ఏపీ పరీక్షల హడావిడిలో ఉండగా, 2025 మే 8న, మా లంచ్ వేళకి రోములో కొత్త పోప్ ఎన్నికకి గుర్తుగా తెల్లపొగ వచ్చింది. క్లాసులన్నీ ఆపి టీవీలు పెట్టారు. అమెరికా నుంచి వచ్చిన మొదటి పోప్, షికాగోలో పుట్టినాయన, పైగా యూనివర్సిటీలో లెక్కలు చదివినాయన. ఆయన లియో పద్నాలుగు అని పేరు పెట్టుకున్నారని వినగానే మా అమ్మాయి నాకు మెసేజ్ పెట్టింది, "అమ్మా, నా పేపర్లో ఉన్న లియో తర్వాతి లియో!" అని. రెండు రోజులకి కార్డినళ్లతో మాట్లాడుతూ ఆయన పేరు వెనక ముఖ్య కారణంగా ఆ 1891 లేఖనే చెప్పారు. ఆ రాత్రి అది ఆ వార్త తాతయ్యకి చదివి వినిపించింది. మా నాన్న క్రైస్తవులు కారు, పోప్‌తో ఆయనకేం పని లేదు. అయినా శ్రద్ధగా విన్నారు.

పన్నెండో తరగతిలో ప్రపంచ మతాలు అనే కోర్సు. రెండో వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన నోస్త్రా ఏతాతే ప్రకటనతో మొదలుపెట్టారు. అందులో హిందూమతం పేరెత్తి మాట్లాడతారు, ఇతర మతాల్లో సత్యమైనదాన్నీ పవిత్రమైనదాన్నీ చర్చి తిరస్కరించదని అంటారు. హిందూమతం పాఠం రోజు ఏమైనా చెప్తావా అని టీచరు మా అమ్మాయిని ముందే విడిగా అడిగింది. ఇష్టం లేకపోతే అక్కర్లేదని కూడా చెప్పింది, ఆ మర్యాద నాకు నచ్చింది. క్లాసు డౌన్‌టౌన్‌లోని 1866 నాటి ప్లమ్ స్ట్రీట్ యూదు ఆలయానికీ, వెస్ట్ చెస్టర్‌లోని ఇస్లామిక్ సెంటర్‌కీ, మన హిందూ టెంపుల్‌కీ వెళ్లింది. గుడికి నేనూ వాలంటీరుగా వెళ్లాను. పిల్లలు ప్రదక్షిణ ఎందుకు, గర్భగుడిలోకి అందరూ ఎందుకు వెళ్లరు అని అడిగారు. రెండో ప్రశ్నకి మా అమ్మాయి సర్ది చెప్పలేదు. దాని వెనక కులం చరిత్ర కూడా ఉందని తనకి తెలిసినంత చెప్పింది. నాలుగేళ్ల కిందట క్లాసులో చెయ్యెత్తడానికి జంకిన పిల్ల.

సేవ గంటలు కూడా చదువులో భాగమే. ప్రతి ఏడాదీ చెయ్యాలి, తర్వాత దాని గురించి రాయాలి. మా అమ్మాయి ఎక్కువగా బ్లూ యాష్‌లోని మాథ్యూ 25 మినిస్ట్రీస్ అనే సహాయ సంస్థలో సామాన్లు వేరు చేసి పెట్టెల్లో సర్దే పని చేసింది. కొందరు తల్లిదండ్రులు గంటలు పూర్తయ్యాయా లేదా అన్నదే చూస్తారు. రాసిందేమిటో కూడా చదవండి, పిల్ల మనసు అక్కడే తెలుస్తుంది.

చివరి ఏడాది కైరోస్ అనే నాలుగు రోజుల రిట్రీట్, అంటే ధ్యాన శిబిరం, ఉంటుంది. ఫోన్లు ఉండవు. దానికి ముందు స్కూలు తల్లిదండ్రుల్ని పిల్లకి చెప్పకుండా ఒక ఉత్తరం రాసి పంపమంటుంది. మన ఇళ్లలో పిల్లల్ని ఎదురుగా మెచ్చుకోం, దిష్టి తగులుతుందంటాం. మావారు మూడు రాత్రులు రాసి చించి, చివరికి ఒక పేజీ రాశారు. నాకు చూపించలేదు. అది ఇంటికొచ్చాక నాన్నని పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

యూనివర్సిటీ దరఖాస్తుల దగ్గర ఈ స్కూలు విలువ మావారికి కూడా ఒప్పుదలైంది. కాలేజీ కౌన్సెలర్ దగ్గర పిల్లల సంఖ్య తక్కువ. పదకొండో తరగతి నుంచే మాతో కూర్చుని మాట్లాడారు. మా జాబితాలో పేరున్న యూనివర్సిటీలే ఉంటే, "ఆమె ఏం చదవాలనుకుంటోంది?" అని ఆవిడ మమ్మల్ని కాకుండా దాన్నే అడిగారు. చాలా యూనివర్సిటీలకి ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో వ్యాసానికి 650 పదాల పరిమితి. దాని కోసం బయట వేల డాలర్లు తీసుకునే కన్సల్టెంట్లు ఉన్నారు, మన సమూహాల్లో చాలామంది పెడుతున్నారు కూడా. మాకు ఆ అవసరం రాలేదు. నాలుగేళ్లుగా డ్రాఫ్టులు రాస్తున్న పిల్ల ఇంకొక డ్రాఫ్టు రాసింది. మిరపతోట గురించే రాసింది. సిఫారసు ఉత్తరాలు ఒకటి ఇంగ్లీష్ టీచరు, ఇంకొకటి లెక్కల టీచరు రాశారు. వాటిని మేము చూడలేం, చూడకూడదు. కానీ "మంచి పిల్ల" అన్న ఒక్క మాటతో అయిపోయి ఉండవని నాకు నమ్మకం. వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదవడానికి ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు వచ్చింది. కంప్యూటర్ సైన్సు కాదా అని అడిగినవాళ్లకి "కాదు" అనే చెప్తున్నాం.

ఇప్పుడు మా చిన్నోడి వంతు. ఆగస్టులో ఎనిమిదో తరగతికి వస్తాడు, నవంబరులో హెచ్.ఎస్.పి.టి. ఉంటుంది. వాడికి రోబోటిక్స్ పిచ్చి, పబ్లిక్ స్కూల్లో ఆ జట్టు చాలా బావుంటుంది. అక్కడే ఉంటానంటున్నాడు. మగపిల్లల క్యాథలిక్ స్కూలు ఒకటీ, పబ్లిక్ హైస్కూలు ఒకటీ, రెండు చోట్లా ఒక రోజు చూసి రమ్మన్నాం. పుస్తకాల ఖర్చు, కార్‌పూల్, ఎడ్‌ఛాయిస్ మొత్తం ఈ ఏడు ఎంత వస్తుందో అన్నీ మావారు కాగితం మీద వేస్తున్నారు. జనవరిలో నలుగురం కూర్చుని మాట్లాడతాం. వాళ్లక్క తనకీ ఒక ఓటు కావాలని అప్పుడే పేచీ పెట్టింది.